మేస్త్రీ చెయ్యి

ఆ షెడ్డులో బాయిలర్ గొట్టాలు అతికే మేస్త్రీ పొద్దున్నే వెల్డింగ్ టార్చ్ విప్పి, పింగాణీ మూతిని గుడ్డతో తుడిచి, లోపలి టంగ్‌స్టన్ పుల్లను సానరాయి మీద పెన్సిల్ ముల్లులా చెక్కుతాడు. ఒకప్పుడు ఆ మొన పూటంతా నిలిచేది. ఈ నెలలో గంటకోసారి చెక్కాల్సి వస్తోంది. చెయ్యి వణికి, మొన కరిగిన ఇనుముకు తగిలి, దాని ముక్క అతుకులో ఉండిపోతోంది. అలాంటి అతుకు ఆవిరి వత్తిడికి ఎప్పుడైనా పగలొచ్చు. ఈ సంగతి పక్క బల్ల దగ్గర పనిచేసే తమ్ముడికి మాత్రమే తెలుసు. ఇవాళ మళ్లీ తగిలింది.

"మొన్నటిలాగే అతుకు పైన ఇంకో వరస వేసెయ్ అన్నయ్యా. ఎవరికీ కనపడదు. పని పోతే ఇంట్లో ఏం చెప్తావు?" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి.

మేస్త్రీ ముసుగు తీసి, నల్లబడ్డ మొనను కాసేపు చూసి, టార్చ్‌ను కొక్కేనికి తగిలించాడు. నేరుగా సూపర్‌వైజరమ్మ గదికి వెళ్లాడు.

"నా చెయ్యి నిలవట్లేదమ్మా. ఇవాళ్టి గొట్టం కోసేయాలి. మొన్న ఒకటి చెడిపోతే పైన కప్పేశాను. పదిహేడో నంబరు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అది పొద్దున్నే బాయిలర్‌కి బిగించేశారు కదయ్యా!" అంటూ ఫోనందుకుంది. "పొయ్యి వెలిగించకండి! ఎవరూ దాని దగ్గరికి వెళ్లకండి!"

ఆవిడ ఫోన్ పెట్టేసేదాకా మేస్త్రీ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"వెలిగించలేదట," అందావిడ.

"అయితే పదిహేడోది కూడా కోయించండమ్మా," అన్నాడాయన.