ఆదివారం నిద్రపోని ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ మెల్లగా నడుస్తోందా చిన్నీ? పవర్ సెట్టింగుల్లో పొదుపు తీసేసి పర్ఫార్మెన్స్ పెట్టు. నాకిది నేర్పింది మిర్యాలగూడలో మన మేడగదిలో కిరాయికున్న అమ్మాయి. రోజూ పనికి కూర్చోగానే అదే నొక్కి, "ఇగ ఉరుకుతది సూడు అమ్మమ్మా" అనేది.

ఆదివారం మాత్రం, కరెంటు పోయినా బ్యాటరీ రోజంతా నిలవాలని మళ్లీ పొదుపులో పెట్టేది. స్క్రీన్ నిద్రపోకుండా చేసి, దాని ముందే కూర్చుని బియ్యం ఏరుకునేది.

"ఇయ్యాల పని లేదు గదా, బంద్ చెయ్యరాదే?" అన్నాను.

"మా అన్న కోపం తగ్గి వీడియో కాల్ చేస్తే? నా కొత్త ఫోన్ నంబర్ అన్నకు తెల్వదు."

రెండేళ్లకు కోదాడ వెళ్లిపోయింది. ఆటో ఎక్కినప్పుడు కూడా ల్యాప్‌టాప్ ఒళ్లో తెరిచే ఉంది. అప్పుడడిగాను, ఆటో చప్పుడులో వినబడలేదేమో:

"మీ అన్న ఒక్కసారన్నా చేసిండా బిడ్డా?"