రాజవ్వ నిశానీ వేయని దానపత్రం

1349 ఫసలీలో, అంటే 1940లో, వానలు మొదలయ్యే వేళకు నేను బాన్సువాడ రిజిస్ట్రేషన్ కచేరీలో ముహర్రిర్‌గా మూడో ఏడు గడుపుతున్నాను. ముహర్రిర్ అంటే రాతపని చేసే గుమాస్తా. పైన సబ్ రిజిస్ట్రార్ సాహెబ్, ఆయన కింద మేమిద్దరం, వాకిట్లో ఒక జవాను. అంతే మా కచేరీ.

ఆ రోజుల్లో దస్తావేజులు ఉర్దూలో ఉండేవి. రాసిచ్చేవాళ్లలో చాలామందికి ఆ భాష చదవడం రాదు. కాబట్టి దస్తావేజును వాళ్లకు తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకోలు అడిగి, ఎడమ చేతి బొటనవేలి ముద్ర తీసుకోవడం నా పని. ఆ ముద్రను నిశానీ అనేవాళ్లు. కాగితం అడుగున 'చదివి వినిపించితిని, గ్రహించి ఒప్పుకున్నారు' అని రాసి నేను సంతకం పెట్టాలి.

నిబంధన అది. మేము చేసేది వేరు. రెండు పేజీల దస్తావేజును ఎవరు చదువుతారు? మతలబ్ చెప్పేవాళ్లం, అంటే సారాంశం. "నీ పొలం ఫలానా ఆయనకు అమ్ముతున్నవు, గంతేనా?" అని అడిగితే ఎదుటి మనిషి తలూపేవాడు. సిరా అద్ది, వేలు అద్ది, ఇంకొకరిని పిలిచేవాళ్లం. నాకు ఈ పని నేర్పిన పెద్ద ముహర్రిర్ అలాగే నేర్పాడు. నేను మూడేళ్లు అలాగే చేసి, చదివి వినిపించితిని అని అలాగే సంతకాలు పెట్టాను. అబద్ధమని తెలిసే పెట్టాను. అలా కాదని ఇప్పుడు బుకాయించడానికి నాకు నోరు రాదు.

ఆ జూన్‌లో బీర్కూరు అవతలి పల్లె నుంచి గంగారాం అనే రైతు దరఖాస్తు తెచ్చాడు. వాళ్ల పెద్దవ్వ, అంటే తండ్రి అన్నగారి భార్య, రాజవ్వ తన నాలుగెకరాలు అతనికి దానంగా ఇస్తున్నదట. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్లు పట్టేశాయి, కచేరీకి రాలేదు. అలాంటప్పుడు సాహెబే ఇంటికి వెళ్లాలి, లేదా తన తరఫున ఒకరిని కమిషన్ మీద పంపాలి. సాహెబ్ బురదను చూసి నన్ను పంపారు.

దారి పొడుగునా బండి తోలుతూ గంగారాం తన గోడు చెప్పాడు. ఆ భూమి రాజవ్వకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చినది. భర్తది కాదు, పూర్తిగా ఆమెదే. నిజాంసాగర్ కాలువ రాకముందు అందులో జొన్నలు పండటమే గగనం. కాలువ నీళ్లు వచ్చాక అది ఏటా రెండు కార్లు, అంటే రెండు పంటలు పండే వరిమడి అయింది, అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. పిల్లలు లేని ఆమెకు ఇరవై ఏళ్లుగా తిండి పెడుతున్నదీ, ఆ పొలం దున్నుతున్నదీ గంగారామే. ఆమె పోయిన మర్నాడే ఆమె తమ్ముడి కొడుకులు వచ్చి మా అత్త పొలమని కూర్చుంటే తన గతేమిటన్నది అతని భయం. అది వట్టి భయం కాదు. మనిషి కూడా నాకు చెడ్డవాడిగా కనిపించలేదు.

ఇంటి ముందు పందిరి కింద మంచం మీద రాజవ్వ కూర్చుని ఉంది. సాక్షిగా ఊరి పటేల్ వచ్చి ఉన్నాడు. నేను పీట మీద దస్తావేజు, నిశానీల పుస్తకం, సిరా డబ్బీ పరిచాను. అలవాటైన మాటే అన్నాను.

"అవ్వా, నీ నాలుగెకరాలు గంగారాంకు దానమిస్తున్నవు. గంతేనా?"

ఆమె తలూపలేదు. కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది.

"కాయితం మూరెడున్నది బిడ్డా. నువ్వు చెప్పింది బెత్తెడున్నది. తక్కినదంతా ఏంది?"

పటేల్ నవ్వాడు. నేనూ నవ్వి, అదంతా సర్కారు రాత, అందరికీ రాసేదే అన్నాను. అందరికీ రాసేదైతే అందరి ముందూ చదువు అంది. చదవక తప్పలేదు. సరిహద్దులు చదివాను, కాలువ పేరు చదివాను. 'నేటి నుండి సదరు భూమి కబ్జా గంగారాంకు అప్పగించితిని, నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు' అన్న చోట ఆమె చెయ్యెత్తింది. కబ్జా అంటే స్వాధీనం, ఆ మాటకు మా తాలూకాలో ఎవరికీ తర్జుమా అక్కర్లేదు.

"నేటి నుంచా? నేను సచ్చినంక కాదా?"

దానపత్రం రిజిస్టరైన రోజే భూమి చేతులు మారుతుందని చెప్పాను. ఇచ్చాక మళ్లీ తీసుకోవచ్చా అని అడిగింది. కుదరదన్నాను. బువ్వ పెట్టడం మానేస్తే ఏం చేయాలని అడిగింది. మనోవర్తి కోసం కోర్టుకు వెళ్లవచ్చన్నాను.

"గడప దిగాల్నంటే నన్ను ఇద్దరు పట్టాలె. పట్టేటోళ్లు వీళ్లే. వీళ్ల మీద కోర్టుకు వీళ్లే తీస్కపోతరా?"

గంగారాం ముఖం మాడిపోయింది. ఇరవై ఏళ్లలో ఒక్కపూట పస్తు పెట్టానా అని అడిగాడు. లేదని ఆమె వెంటనే ఒప్పుకుంది.

"నువ్వు మంచోనివే గంగారాం. గందుకే పొలం నీకే అంటున్న. కని నేను బతికినన్ని దినాలు పొలం నాది. పొలం నాదైతేనే గింజలు నావి. గింజలు నావైతేనే గీ ఇంట్ల నేను మనిషిని. లేకుంటె మూలకున్న ముసల్దాన్ని."

అని రెండు చేతుల బొటనవేళ్లూ లోపలికి మడిచి పిడికిళ్లు బిగించింది.

ఎందుకు బిగించిందో చెప్పాలి. చేయి వణికే ముసలివాళ్ల వేలు మేమే పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద దొర్లించడం ఆనవాయితీ. ఆమె ఊళ్లో ఎవరి దగ్గరో చూసి ఉంటుంది. పటేల్ నా చెవి దగ్గర వంగి, పిడికిలి విప్పి వేలు అద్దితే పనైపోతుందని, తెల్లారేసరికి ఆమెకు యాదుండదని మెల్లగా అన్నాడు. ఆమె వినికిడి మాత్రం ఏమీ తగ్గలేదు. నన్నే చూస్తూ ఉంది.

నాకు అప్పుడు వచ్చిన కోపం పటేల్ మీద కంటే నా మీద ఎక్కువ. ఇంతకు ముందు నేను పట్టుకుని దొర్లించిన వేళ్లలో ఎన్ని ఇలా మడుచుకోవాలనుకున్నాయో నాకు తెలియదు. వాళ్లలో ఎంతమంది కబ్జా వాళ్లకు తెలియకుండా పోయిందో కూడా తెలియదు. సిరా డబ్బీ మూత పెట్టాను. రాసిచ్చే మనిషి ఒప్పుకోకపోతే రిజిస్టరు చేయకూడదు, కారణం రాసి వెనక్కి పంపాలి. 'పూర్తిగా చదివి వినిపించగా, రాజవ్వ ఇందులోని విషయమును అంగీకరించలేదు' అని అక్కడే రాశాను. ఆ ఉద్యోగంలో నేను రాసిన మొదటి నిజం అదే అనుకుంటాను. గంగారాం బండి ఎక్కకుండా నడిచి బీర్కూరు చేరి అక్కడ వేరే బండి మాట్లాడుకున్నాను.

సాహెబ్‌కు నా రాత నచ్చలేదు. పటేల్ నాకంటే ముందే కబురు పంపాడు. మతలబ్ చెబితే సరిపోయేదానికి ముసలామెకు లేనిపోని అనుమానాలు పెట్టావని, మళ్లీ వెళ్లి పని పూర్తి చేసుకుని రమ్మని అన్నారు. వెళ్లనన్నాను. ఆమె కాదన్నది కమిషన్ కాగితం మీద ఉంది, అది చింపాలంటే తమరే చింపాలని కూడా అన్నాను. ఇరవై ఆరేళ్ల వయసు, పైగా తప్పు చేసి తెలుసుకున్న పొగరు. ఆయన చింపలేదు. నన్ను మాత్రం పాత కాగితాల గదిలో వేసి చెదలు తిన్న పుస్తకాలకు నకళ్లు రాయమన్నారు. రెండు నెలలు దుమ్ములో తుమ్ముతూ రాశాను. క్షమించమని అడిగితే బయటికి పిలుస్తారని పెద్ద ముహర్రిర్ చెప్పాడు. అడగలేదు.

వానలు తెరిపిచ్చాక ఒక పొద్దున వాకిట్లో గొడవ వినిపించింది. రాజవ్వ వచ్చింది. బండి తోలింది గంగారామే. దింపడానికి అతనొక రెక్క, జవాను ఒక రెక్క పట్టుకున్నారు. కాగితమంతా చదివే పిల్లగాడేడని అడుగుతోంది. ఇంటికి ఎవరినైనా పిలిపించుకోవచ్చు కదా అని జవాను అంటే, ఇంటి దగ్గర అయితే పందిరి కింద అందరూ వాళ్లేనని, ఇక్కడ సర్కారు ఉంటుందని చెప్పింది. గంగారాంను ఎలా ఒప్పించావని తర్వాత అడిగాను. బండి కట్టకపోతే తన తమ్ముడి కొడుకులకు కబురు పంపి వాళ్ల బండి ఎక్కుతానన్నదట.

ఈసారి ఆమెకు కావలసింది వీలునామా. దానం ఆ పూటే అమలవుతుంది. వీలునామా రాసిన మనిషి పోయాకే అమలవుతుంది, అంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బయట కూర్చునే దస్తావేజు రాతగాడు రాశాడు. బతికి ఉన్నంతకాలం భూమి, కబ్జా, పంట రాజవ్వవి. తర్వాత గంగారాంవి. ఆమె దాన్ని నా చేత చదివించుకుని, ఇంకొక మాట రాయమంది.

"గీ కాయితం నాకు ఎప్పుడు మనసైతే అప్పుడు చింపుత అని రాయి."

చట్టంలో ఆ హక్కు ఉండనే ఉందని, ప్రత్యేకంగా రాయనక్కర్లేదని చెప్పాను.

"సర్కారుకు తెలిస్తే సాలదు బిడ్డా. గంగారాంకు తెల్వాలె. రాయి."

రాతగాడు ఆ మాట కూడా రాశాడు. సాహెబ్ ముందు నేను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. ఆయన మధ్యలో బాగుంది బాగుంది అని చేయి ఊపితే, ఆమె ఆయన్ను కూడా జర ఆగమంది. ఆయన ఆగారు. గంగారాం గోడకు ఆనుకుని నేల చూస్తూ అంతా విన్నాడు. అప్పుడు ఆమె పిడికిలి విప్పి, నా సాయం లేకుండా తనే వేలు సిరాలో ముంచి, తనే ఒత్తింది. ముద్ర అలుక్కుపోయింది. రెండోసారి కూడా తనే వేసింది. ఆ మర్నాటి నుంచి నేను మళ్లీ నా బల్ల దగ్గరే ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

రాజవ్వ ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. నేను బోధన్‌కు బదిలీ అయి తిరిగి బాన్సువాడకు వచ్చిన ఏడాది, 1947లో, గంగారాం వీలునామా నకలు కోసం కచేరీకి వచ్చాడు. తలగుడ్డ తీసి కూర్చున్నాడు. ఆమె ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా మార్చలేదు. మార్చే పని పడలేదట. కూర పలచనైనా, దుప్పటి పాతబడినా ఆమె ఒక్క మాటే అనేదని చెప్పాడు: "గంగారాం, బండి కట్టు, బాన్సువాడ పోదాం." బండి కట్టే అవసరం రాకుండా అన్నీ సర్దుకునేవి.

నాకు ఉండబట్టలేక అడిగాను. ఆ రోజు దానపత్రం అయిపోయి ఉంటే ఆమెను ఇలాగే చూసుకునేవాడివా అని. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత నా నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. అతను తలగుడ్డ మళ్లీ చుట్టుకుంటూ అన్నాడు.

"నేను మంచోన్నే మున్షీ సాబ్. కని గంత మంచిగ ఉంటుంటినా అంటె, ఏమో. నాకే తెల్వదు."

నకలు తీసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. తన కొడుకులు ఇద్దరూ పెద్దవాళ్లయ్యారని, పొలం ఇప్పుడే తమ పేర రాయమంటున్నారని చెప్పాడు. తనకూ ఒక వీలునామా రాయించమన్నాడు. పెద్దవ్వ రాయించిన మాట, ఎప్పుడంటే అప్పుడు చింపుతానన్న మాట, తప్పక ఉండాలన్నాడు.

మొత్తం ముప్పై రెండేళ్లు ఈ ఉద్యోగం చేశాను. దాంట్లో నేర్చుకున్నది రెండు ముక్కలు. మనుషుల మంచితనాన్ని పరీక్షకు పెట్టని కాగితమే మంచి కాగితం. చదివి వినిపించితిని అని రాయాలంటే చదివి తీరాలి. గంగారాం వీలునామా రెండు పేజీలు వచ్చింది. పక్కన కొడుకులిద్దరినీ నిలబెట్టి మొత్తం చదివాను.