టీసీలో ఆ ఒక్క గడి

స్టాంపు ప్యాడు సిరా వాసన తగిలితే చాలు, నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. మొన్న హోసూరులో మా అమ్మాయి బడి ఆఫీసులో టీసీ అర్జీ నింపుతున్నప్పుడూ అదే జరిగింది. ఇప్పటికి రెండు బడులు మార్చాం, ఇది మూడో మార్పు. పాపం, ఎక్కాలు రాకముందే దానికి బడులు ఎక్కడం, దిగడం వచ్చేశాయి. పేరు, తరగతి గబగబా రాసేసి, 'బడి మానడానికి కారణం' అన్న గడి దగ్గర ఆగిపోయాను.

"ఏమన్నా రాయండి సార్. అందరూ 'సొంత కారణాలు' అనే రాస్తారు" అన్నాడు గుమాస్తా విసుగ్గా. రాయలేకపోయాను. రుక్మిణమ్మ టీచరు ఒప్పుకోదు మరి.

తమిళనాడు సరిహద్దులో, వేప్పనపల్లి దగ్గర మా ఊరి తెలుగు బడికి ఆవిడే పెద్ద టీచరు. పిల్లలు ఏటేటా తగ్గిపోయి, ఐదు తరగతులూ ఒక్క గదిలో సర్దుకున్న రోజులవి. టీసీ అడగడానికి ఎవరొచ్చినా కలం మూత తీసి, "కారణం చెప్పప్పా, ఉన్నదున్నట్టు రాస్తాను" అనేది. రాసేది కూడా: 'వ్యాను ఇంటి ముందుకే వస్తుందని', 'తోడికోడలి కొడుకు టై కట్టుకుంటున్నాడని'. కొందరు సిగ్గుపడి వెనక్కి తిరిగేవారు. చాలామందికి సిగ్గు వేసేది కాదు. అప్పుడావిడ ముద్ర గుద్దే గుద్దుకు బల్ల మీద సుద్దముక్కలు ఎగిరిపడేవి.

నేను నాలుగులో ఉండగా మా నాయన వచ్చాడు, గొర్రెలను ఎవరికో అప్పజెప్పి.

"వీణ్ణి కృష్ణగిరిలో తమిళ బడికి చేరుద్దామని వచ్చినానమ్మా."

"ఎందుకప్పా?"

"ఆడ బిల్డింగు పెద్దదంట."

"నీ కొడుకు చదవను పోతాడా, సున్నం కొట్టను పోతాడా? పో పో."

వారం తర్వాత మళ్లీ వచ్చాడు. "ఆడ బాగా అదుపులో పెడతారంటమ్మా."

"ఈడ నేను ముద్దు చేస్తా ఉండానా? వాడి వీపునడుగు."

సాక్ష్యం చెప్పడానికి నా వీపు ఇష్టపడలేదు.

మూడోసారి నాయన తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. "నేనూ ఈ బడిలోనే చదివినానమ్మా. కృష్ణగిరి బస్టాండులో ఆ చదువు పనికి రాలేదు. అరవం బోర్డు చదవలేక కనబడినోళ్లనంతా అడగతా ఉంటాను. పోయినసారి ఎవడో నవ్వుతా తప్పు బస్సు చూపించినాడు. ఇంటికి రావాల్సినోణ్ణి కృష్ణగిరికి ఆ పక్కనుండే పోచంపల్లిలో దిగినాను. వీడు ఎవుర్నీ అడగకూడదు."

ఆవిడ కలం మూత తీసింది. కూర్చుని రాసింది: 'తండ్రి బస్సు బోర్డు చదవలేకపోయాడు. కొడుకు చదవాలి.' ముద్ర ఆ ఒక్కసారే మెల్లగా వేసింది.

"ఈ మాట మొదటి రోజే చెప్పుంటే నా గొంతన్నా మిగిలేది కదప్పా" అని కసిరి, "సెలవుల్లో వీణ్ణి రోజూ సాయంత్రం నా దగ్గరికి పంపించు. ఆడికి పోయి తెల్లమొహం వేసుకోని కూర్చోకూడదు" అంది.

నేను వెళ్తే వచ్చే ఏడు ఐదో తరగతిలో మిగిలేది ఒక్క పిల్ల. ఆ సంగతి ఆవిడకే బాగా తెలుసు. అయినా ఆ ఎండాకాలమంతా, తన బడి విడిచిపోయే నాకు తమిళ అక్షరాలు దిద్దించింది. ఒకటి తప్పితే బెత్తం, రెండు తప్పితే నిట్టూర్పు. నిట్టూర్పే ఎక్కువ నొప్పిగా ఉండేది.

మొన్న ఆఫీసులో ఆ గడిని ఉన్నదున్నట్టు నింపాలంటే నేను ఇలా రాయాలి: 'కంపెనీ క్యాంటీన్లో నా పక్కన తినేవాళ్ల పిల్లలందరూ ఊళ్లో కొత్తగా తెరిచిన బడిలో ఉన్నారు. మీ పాప ఎక్కడ అని అడిగినప్పుడల్లా నేను సాంబారు గిన్నెలోకి చూడాల్సి వస్తోంది.' నాయన కారణం పక్కన దీన్ని పెట్టి చూస్తే, రుక్మిణమ్మ టీచరు గుద్దుకు సుద్దముక్కలు ఇంటికప్పు దాకా ఎగిరేవి.

పక్కన నిలబడిన అమ్మాయిని అడిగాను. "నీకు ఈడ ఏమన్నా కష్టంగా ఉందామ్మా?"

ఇంతవరకూ ఎవరూ దాన్ని ఆ మాట అడగలేదు. "లేదు నాన్నా. నా పక్కన కూర్చునే పిల్ల ఇప్పుడిప్పుడే నాతో మాట్లాడతా ఉంది."

"రాస్తారా లేదా సార్?" గుమాస్తా ముద్ర గాల్లోనే పట్టుకుని ఉన్నాడు.

అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ చొక్కా మార్చినప్పుడల్లా దాన్ని ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుస్తున్నాను. బడిని మాత్రం మార్చలేదు.