ఏటే, బాగున్నావా?

మా ఆయన బిలాస్‌పూర్ రైల్వేలో వంతెనలు బాగుచేసేవాడు. అర్పా నది మీది పాత వంతెన కిందికి వెళ్లినప్పుడల్లా దాని ఇటుక స్తంభానికి అరచెయ్యి ఆనించి, "ఏటే, బాగున్నావా?" అని అడిగేవాడు. నాతో మాట్లాడాలంటే మాత్రం మధ్యలో పిల్లలుండాలి. "మీ యమ్మని టీ ఎట్టమను" అనేవాడు. నన్ను ఒక్కసారైనా "ఏటే" అనలేదు. ఆ వంతెనని చూస్తే సవతిని చూసినట్టు ఒళ్లు మండేది.

ఆయన రిటైరయ్యాక దాన్ని కూల్చేశారు. పీడా పోయిందనుకున్నాను. ఆ సాయంత్రం వరండాలోంచి "ఏటే" అని మెత్తగా వినబడింది. "ఆఁ, వస్తన్నా!" అంటూ తడి చేతులతోనే పరిగెత్తాను.

ఆయన ఒళ్లో ఆ వంతెన ఇటుక ఉంది.

ఆయన పోయినా అది నా కిటికీలోనే ఉంది. రోజూ తుడుస్తాను. పలకరించను.