నేను అడుగుపెట్టని చోట ఇంటర్న్‌షిప్

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఇంటర్న్‌షిప్‌కు నాలుగు క్రెడిట్లు. అవి లేకపోతే డిగ్రీ చేతికి రాదు. వాటిని సంపాదించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా బాపు హైటెక్ సిటీలో ఒక టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆ టవర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజర్ రోజూ కారు అద్దం దించి ఆయన్ని పలకరించేవాడు. "సార్, మా బిడ్డ ఇంజనీరింగ్ చదువుతుంది. ఇంటర్న్‌షిప్ గిట్ల ఉంటే జర చూడుండ్రి" అని అడగడానికి బాపుకు పది రోజులు పట్టింది. మేనేజర్ నన్ను టెస్టు రాయమన్నాడు. రాశాను, ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాను.

ఆఫర్ లెటర్ పట్టుకుని మా హెచ్ఓడీ గదికి పరుగెత్తాను. ఆయన దాన్ని పూర్తిగా చదవను కూడా లేదు.

"ఈ కంపెనీ మన కాలేజీ ఒప్పుకున్న లిస్టులో లేదమ్మా."

"ఎక్కించండి సార్. నిజంగనే పని ఇస్తున్నరు."

"లిస్టు మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటుంది. నీకెందుకొచ్చిన గొడవ? అందరిలాగే ఆ ట్రైనింగ్ సెంటర్ సర్టిఫికెట్ పెట్టెయ్. వెళ్లక్కర్లేదు కూడా."

ఆ సెంటర్ సంగతి మా క్లాసులో అందరికీ తెలుసు. పేరు రాయించుకుంటే చాలు, రెండు నెలలు నేర్చుకున్నట్టు కాగితం వస్తుంది. నా పక్కన కూర్చునే అమ్మాయి ఆ రెండు నెలలూ చుట్టాల పెళ్లిళ్లు తిరిగింది. నేను మాత్రం మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రోజూ ఆఫీసుకు వెళ్లాను. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల యాప్‌లో ఒకే సమయానికి ఇద్దరు రోగులు బుక్ అవుతున్న తప్పును పట్టుకున్నది నేనే.

మధ్యలో మూడుసార్లు హెచ్ఓడీని బతిమాలాను. మూడోసారి ఆయన ఫోన్ చూసుకుంటూనే, "రేపే లాస్ట్ డేట్" అన్నాడు. ఆ సాయంత్రం సెంటర్ కాగితం మీద సంతకం పెట్టాను. పెట్టిన చెయ్యి మీదే నాకు కోపం వచ్చింది.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఏం నేర్చుకున్నావని అడిగాడు. నాకు తెలిసింది ఆఫీసు పనే కాబట్టి అదే చెప్పాను. "సెంటర్ చాలా బాగా నేర్పిందే" అని మెచ్చుకున్నాడు. పక్కనే ఉన్న మా హెచ్ఓడీ సిగ్గు లేకుండా తలాడించాడు. ఆ గది తలుపు పగిలేలా వేసి బయటికి రావాలనిపించింది. థాంక్యూ సార్ అని వచ్చాను.

క్రెడిట్లు పడ్డాయి. అట్ట వేయించిన ఇంటర్న్‌షిప్ రిపోర్టు ఇంటికి తెచ్చిన రోజు బాపు చేతులు కడుక్కుని వచ్చి అందుకున్నాడు.

"రేపు మేనేజర్ సార్‌కు చూపిస్త" అంటూ అట్ట మీది సెంటర్ పేరు రెండుసార్లు చదివాడు. "మన కంపెనీ పేరు ఏది బిడ్డా?"

"ఇది కాలేజీది బాపూ. మనది వేరే వస్తది" అన్నాను.

అది ఎప్పుడొస్తుందని ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు.