హిల్డింగ్ మౌనవ్రతం

హిల్డింగ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. మాట్లాడతాడు. నిద్రపోయే ఆరేడు గంటలు తప్ప రోజంతా మాట్లాడతాడు. ఆ ఆరేడు గంటల విషయంలో కూడా ఆయన భార్య గున్‌బోర్గ్‌కి వేరే అభిప్రాయం ఉంది.

వాళ్లుండే ప్రాంతం దాల్స్‌లాండ్. అక్కడి జనం మాటల్ని పొదుపుగా వాడతారు. ఇద్దరు రైతులు దారిలో ఎదురుపడితే ఒకరు గాలి లోపలికి పీల్చి "ఊఁ" అంటారు, రెండోవారు కూడా "ఊఁ" అంటారు. దాంతో వానలు, ఆరోగ్యం, కుటుంబక్షేమం అన్నీ మాట్లాడుకున్నట్టే. అలాంటి ఊళ్లో పుట్టి, ఊరందరి వాటా మాటలూ హిల్డింగ్ ఒక్కడే వాడేసుకున్నాడు. కొట్లో ఆయనకి చిక్కిన మనిషి బుట్టలోని గడ్డకట్టిన చేప కరిగి నీళ్లు కారిన సందర్భాలున్నాయి. ఫోన్లో బీమా అమ్మబోయిన ఒకాయన నలభై నిమిషాల తర్వాత, "సార్, మీకు దణ్ణం పెడతాను, నన్ను వదిలేయండి, నాకు పెళ్లాం పిల్లలున్నారు" అని బతిమాలుకున్నాడట.

అల్లుడు తోర్కెల్ ఇందుకు పూర్తిగా భిన్నం. గోథెన్‌బర్గ్‌లో ఒక లైబ్రరీలో పుస్తకాల వీపుల మీద నంబర్లు అంటించే ఉద్యోగం అతనిది. "నిశ్శబ్దం" అన్న బోర్డు కింద పదిహేనేళ్లుగా కూర్చుంటున్నాడు. వాళ్లమ్మాయి తూవాని పెళ్లి చేసుకుంటానని చెప్పడానికి మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు, తన పేరు చెప్పుకునే సందు అతనికి రెండో రోజు మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. పెళ్లి మాట ఎత్తడానికి ఇంకోసారి రావలసి వచ్చింది.

అంతగా వాడిన గొంతు పాడవడంలో వింతేముంది? సెప్టెంబరులో హిల్డింగ్ గొంతు బొంగురుపోయింది. బఠానీ గింజంత కాయ ఒకటి లోపల పెరిగిందనీ, కోసి తీసేయాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇస్తూ, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. ఎనిమిది దగ్గర ఆగి, ఎనిమిదో నంబరు బస్సు మా ఊరికి రావడం ఎందుకు మానేసిందో తెలుసా అని మొదలుపెట్టి, ఆ కథలోనే నిద్రలోకి జారుకున్నాడు. మెలకువ వచ్చాక మిగతాది చెప్పబోతే నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండు వారాలు ఒక్క మాట కూడా వద్దు," అంది డాక్టరమ్మ. "గుసగుస అసలే వద్దు. ఇక గట్టిగా అరిచారంటే మానుతున్న చోట చిట్లుతుంది. తర్వాత ఆ గొంతు మళ్లీ గొంతు కాదు."

హిల్డింగ్ మొహం పాలిపోయింది. పక్కనున్న గున్‌బోర్గ్ మాత్రం, "రెండు వారాలేనా డాక్టర్? పోనీ నెల రోజులు పెట్టరాదూ? మీకెందుకు, నేను చూసుకుంటాను," అంది.

ఆ రెండో వారంలోనే పిల్లల బడికి శరత్కాలపు సెలవులొచ్చాయి. ఏటా ఈ సెలవులకి తోర్కెల్, తూవా ఇద్దరు కూతుళ్లనీ తీసుకొచ్చి, మూడో రోజు ఏదో సాకు చెప్పి తిరిగి వెళ్లిపోయేవాళ్లు. ఈసారి మాత్రం రోగిని చూసుకోవాలి కదా అని ఒకరోజు ముందే వచ్చేశారు. తొమ్మిది రోజులూ ఉంటామని తూవా గుమ్మంలోనే ప్రకటించింది.

రోగిని చూసుకోవాలన్న ఆరాటం ఊరందరికీ పుట్టింది. ఇన్నేళ్లుగా హిల్డింగ్ మధ్యలో తుంచేసిన వాక్యాలన్నీ పూర్తి చేసుకోవడానికి జనం వరసకట్టారు. పంతొమ్మిదేళ్ల కిందట పడవ మునిగిన కథ మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన ఒక పెద్దాయన, ఇన్నాళ్లకి దాన్ని ఒడ్డుకు చేర్చి, కళ్లు తుడుచుకుని, దాల్చినచెక్క బన్ను రెండోది కూడా తిని వెళ్లాడు. హిల్డింగ్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని అన్నీ విన్నాడు. ఆయన పెదాలు ఆడుతూనే ఉన్నాయి.

రాసుకోవడానికి గున్‌బోర్గ్ ఒక పలక కొనిచ్చింది, అరచేతిలో పట్టేంతది.

"ఇంకొంచెం పెద్దది దొరకలేదా అమ్మా?" అని అడిగింది తూవా.

"దొరికింది. పెద్దదిస్తే మీ నాన్న గ్రంథం రాస్తాడే!"

హిల్డింగ్ ఓడిపోయే రకం కాదు. చీమల్లాంటి అక్షరాలతో పలక రెండు వైపులా నింపి, చివర "ఇంకా ఉంది" అని రాసి, తుడిచి, మళ్లీ మొదలుపెట్టేవాడు. చదివేవాళ్లు అద్దాలు మరిచిపోయామని తప్పించుకునేవాళ్లు.

ఇక శనివారం వేట. ఆ ఊరి వేట జట్టులో పద్నాలుగు మంది. ఎవరి మాటు వాళ్లకుంటుంది. కుక్క దుప్పిని తరుముకొస్తుంది, అది ఎవరి మాటు ముందుకొస్తే వాళ్లు కాల్చాలి. బురదనేల అంచున ఉన్న ఆరో మాటు, ఏడో మాటు అడవి మొత్తానికీ మంచి చోట్లు. దుప్పులు ఎప్పుడూ నడిచే దారి అదే. అయినా పదకొండేళ్లుగా అక్కడ ఒక్క దుప్పీ పడలేదు. ఎందుకంటే ఏడో మాటు హిల్డింగ్‌ది. మాటులో కూర్చుని ఆయన తనలో తాను, చెట్లతో, ఫ్లాస్కుతో, పక్క మాటులోని ఎవాల్డ్‌తో మాట్లాడుతూనే ఉండేవాడు. దుప్పి అర మైలు దూరం నుంచే ఆ మాటలు విని దారి మార్చుకునేది.

ఆయన్ని అక్కడి నుంచి మార్చాలని జట్టు ఏటా తీర్మానం పెడుతుంది. హిల్డింగ్ రెండు గంటలు మాట్లాడతాడు. ఆకలికి తట్టుకోలేక తీర్మానం వెనక్కి తీసుకుంటారు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన జట్టు పెద్ద సోల్వేగ్‌కి జీవితంలో ఎదురైన ఏకైక ఓటమి హిల్డింగే.

"ఈసారి ఏడో మాటు నోరు మూతపడింది!" అని ఆ ఉదయం సోల్వేగ్ అందరి ముందూ ఉత్సాహంగా చెప్పింది. "అందుకని కుక్కని తిన్నగా అటే తోలుతున్నాం. ఎవాల్డ్ తాతా, ఇవాళ నీదే పండగ!"

ఎవాల్డ్‌కి ఎనభై ఒకటి. సోల్వేగ్ కంటే ముందు ఇరవై ఏళ్లు జట్టుకి పెద్దగా ఉన్నాడు. ఆయన గురి గురించి చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. ఏడాదికి నాలుగు వారాలు జరిగే ఈ వేట తప్ప ఆయన గడప దాటి ఎక్కడికీ వెళ్లడు. పండగ నీదే అన్నా ముసలాయన నవ్వలేదు.

తోర్కెల్‌కి తుపాకి పట్టడం రాదు. అతన్ని అడవికి పంపింది గున్‌బోర్గ్. "ఆయన పక్కనే కూర్చో నాయనా. నోరు తెరిస్తే నీ చెయ్యి అడ్డం పెట్టు. కరుస్తాడేమో, చేతికి తొడుగులు వేసుకో. రెండు వారాలు పూర్తవడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. గొంతు పోయిందో, నిన్నే అడుగుతాను!"

ఏడో మాటులో ఇద్దరూ కూర్చున్నారు. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తోర్కెల్‌కి తన లైబ్రరీలో ఉన్నట్టు హాయిగా అనిపించింది. బురదనేల మీద మంచు పట్టింది. కేకేస్తే వినిపించేంత దూరంలో ఆరో మాటులో ఎవాల్డ్ ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చున్నాడు. హిల్డింగ్ మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టు కదులుతూ మాటిమాటికీ అటే చూస్తున్నాడు.

తొమ్మిదింటికి కుక్క మొరగడం వినిపించింది. వాకీటాకీలో సోల్వేగ్ గొంతు తగ్గించి చెప్పింది. "వస్తోంది! పెద్ద మగదుప్పి! తిన్నగా ఆరుకే! ఎవాల్డ్, రెడీ!"

కొమ్మలు విరిగిన చప్పుడు. దుప్పి బయటికొచ్చింది. గుర్రం కంటే ఎత్తు, తల మీద కొమ్ములు చేటల్లా పరుచుకుని ఉన్నాయి. ఆరో మాటుకి ముప్పై అడుగుల్లో ఆగి, పక్కకి తిరిగి, ఫొటోకి నిలబడినట్టు నిలబడింది. పసిపిల్లాడు కూడా గురి తప్పడు.

ఎవాల్డ్ తుపాకి ఎత్తాడు. ఎత్తి, దుప్పికి పూర్తిగా ఎడమ పక్కనున్న ఒక బండరాయికి శ్రద్ధగా గురిపెట్టాడు.

"కనపడుతోందా తాతా?" అని వాకీటాకీలో గుసగుస.

"ఆఁ, కనపడుతోంది, బాగా కనపడుతోంది," అని గొణిగాడు ఎవాల్డ్ బండరాయిని చూస్తూ.

"మరి కాల్చవేం?"

హిల్డింగ్ పలక లాక్కుని ఒక్కటే మాట రాశాడు: "మాట్లాడు!" తోర్కెల్ అయోమయంగా చూశాడు. హిల్డింగ్ మళ్లీ రాశాడు: "గట్టిగా! ఏదైనా సరే!"

తోర్కెల్ నోరు తెరిచాడు. ఏదైనా అంటే ఏమని మాట్లాడాలి? ముప్పై తొమ్మిదేళ్ల జీవితంలో ఎవరూ అతన్ని గట్టిగా మాట్లాడమనలేదు. గొంతులోంచి గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

"ఎవాల్డ్! ఏమైంది నీకు? నీకసలు కనపడుతోందా లేదా?" సోల్వేగ్ గొంతులో ఈసారి అనుమానం వినిపించింది. పద్నాలుగు వాకీటాకీలూ చెవులు రిక్కించి వింటున్నాయి.

హిల్డింగ్ లేచి నిలబడ్డాడు. తోర్కెల్ తొడుగు వేసిన చెయ్యి అడ్డం పెట్టేలోపే, పదకొండు రోజులుగా మూసి ఉన్న నోరు తెరిచి, "గున్‌బోర్గ్! కాఫీలో పంచదార మళ్లీ మరిచిపోయావూ!" అని అడవి దద్దరిల్లేట్టు అరిచాడు. గున్‌బోర్గ్ అక్కడికి ఐదు మైళ్ల దూరంలో ఉంది. చివరి మాట సగంలోనే గొంతు తెగిపోయింది. దుప్పి ఒక్క గెంతులో అడవిలో కలిసిపోయింది.

వాకీటాకీ పేలిపోయినంత పనైంది. "హిల్డింగ్! నీ నోరు పడిపోను! ఆపరేషన్ చేసినా నీ బుద్ధి మారలేదా? కాఫీలో పంచదారా? నిన్ను... నిన్నసలు..." ఎవాల్డ్ ఎందుకు కాల్చలేదన్న సంగతి ఇక ఒక్కరూ ఎత్తలేదు.

హిల్డింగ్ గొంతు పట్టుకుని కూలబడ్డాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి ఎవాల్డ్ చెట్లని తడుముకుంటూ వచ్చాడు. "పోయిందా?" అని అడిగాడు. "ఎటు పక్కన నిలబడింది?"

"కుడి పక్కన," అన్నాడు తోర్కెల్. అని, అప్పుడే సంగతి స్ఫురించి, ముసలాయన కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు తోర్కెల్ చెవి దగ్గరెక్కడో ఆగి ఉన్నాయి.

"పదకొండేళ్లయింది బాబూ, నాకు సరిగా కనపడక," అన్నాడు ఎవాల్డ్. తుపాకి తెరిచి చూపించాడు. ఖాళీ. "తూటాలు పెట్టను. ఎవరికైనా తగిలితేనో! చూపు లేనివాడికి మాటు ఇవ్వకూడదని రూలు. ఆ రూలు పెట్టింది నేనే. మంట దగ్గర కూర్చుని అందరికీ సాసేజిలు కాల్చి పెట్టమంటారు. నేను చచ్చినా ఆ పని చెయ్యను, ఇంట్లోనే ఉండిపోతాను. అందుకని నా ముందుకి దుప్పే రాకుండా వీడు చూసుకుంటున్నాడు. నా మూలాన ఊరందరి చేతా తిట్లు తింటున్నాడు."

తోర్కెల్ మామగారి వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఈ మనిషినా తాను తప్పించుకు తిరిగింది? "అయితే మామయ్య ఏడాది పొడుగునా అలా మాట్లాడేది కూడా... ఎవరికీ అనుమానం రాకూడదనా?"

"అబ్బే!" అన్నాడు ఎవాల్డ్. "అడవిలో మాట్లాడేది మాత్రమే నా కోసం. మిగతాదంతా వాడి జబ్బే."

హిల్డింగ్ తలాడించి ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక గున్‌బోర్గ్ తిట్లన్నీ తోర్కెల్‌కే దక్కాయి. "ఒక్క ముసలాయన నోరు మూయలేకపోయావు! నువ్వేం లైబ్రరీ నడుపుతావు నాయనా?" అతను తల వంచుకుని విన్నాడు, కారణం మాత్రం తూవాకి కూడా చెప్పలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మౌనం మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టుకోమన్నారు. చివరికి హిల్డింగ్‌కి గొంతైతే వచ్చింది గానీ, పాతది కాదు, తుప్పు పట్టిన గేటు తీసినట్టుంటుంది. మాటలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. అదంతా తర్వాతి సంగతి.

మర్నాడు ఆదివారం మళ్లీ వేట. హిల్డింగ్‌ని మెడకు మూడు మఫ్లర్లు చుట్టి పంపింది గున్‌బోర్గ్. ఏడో మాటులో ఇద్దరూ కూర్చున్నారు. పదింటికి దూరంగా కుక్క మొరిగింది. "ఆరు వైపే!" అంది సోల్వేగ్.

తోర్కెల్ లేచి నిలబడ్డాడు. తనకి తెలిసిన ఒకే ఒక్క విషయం ఎత్తుకున్నాడు. "లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు ఎలా వేస్తారంటే!" అని అరిచాడు. "ముందు మతం పుస్తకాలు! వాటికి ఒక అక్షరం! తర్వాత చరిత్ర! చరిత్రలో మళ్లీ దేశాన్ని బట్టి వేరువేరుగా!..."

"దేవుడా!" అంది వాకీటాకీ. "ఈ ఇంట్లో ఇంకొకడు తయారయ్యాడు!"

కుక్క మొరుగుడు పక్కకి తిరిగి దూరమైపోయింది. తోర్కెల్ ఆగలేదు. చరిత్ర అయింది, భూగోళం అయింది, వంటల పుస్తకాల దగ్గర చిన్న వివాదం కూడా వివరించాడు. పావుగంట గడిచేసరికి హిల్డింగ్ టోపీని రెండు చెవుల మీదికీ లాక్కుని, ఇక చాలు మహాప్రభో అన్నట్టు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తోర్కెల్ సిగ్గుపడి ఆగాడు.

ఆరో మాటు నుంచి ఎవాల్డ్ కేక వినిపించింది. "ఆపేశావేం అల్లుడూ? ఆ వంటల పుస్తకం చివరికి ఏ అలమారలో పెట్టారు?"

తోర్కెల్ గొంతు సవరించుకున్నాడు.