రెండో కంటి చుక్క

మా ఆసుపత్రి కంటి విభాగంలో పనిచేసే తెలుగు అక్క పోయింది. మంగళవారం పొద్దున డ్యూటీ మారే వేళ చెప్పారు. చలికాలం నుంచి జబ్బు సెలవులోనే ఉంది, అయినా ఇంత త్వరగా అనుకోలేదు. దాచకుండా రాస్తున్నాను: ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు వచ్చింది. నాతోపాటు నర్సింగ్ శిక్షణలో చేరిన హైదరాబాదు అమ్మాయికి ఆ కబురు ముందురోజే తెలుసు. అక్క భర్త ఆమెకు ఫోన్ చేశారు. నాకు చెయ్యలేదు.

హాంబర్గ్‌లో నాకు దొరికిన మొదటి గురువు అక్క. కరీంనగర్ మనిషి. స్ట్రోక్ వార్డులో ఎవరికైనా ఒక కంటిరెప్ప వాలి, ఆ కంటిపాప చిన్నదైతే డాక్టర్లు ఆమెను పిలిచేవారు. రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, ముప్పావు గంట ఆగి చూసేది. నరం దెబ్బతిన్న కన్నయితే ఆ చుక్కకు కంటిపాప పెద్దదవుతుంది, వాలిన రెప్ప లేస్తుంది. బాగున్న కన్ను పెద్దగా మారదు. ఆ ముప్పావు గంటా ఫోన్ ముట్టేది కాదు, పేషెంట్‌ను మనవల సంగతులు అడుగుతూ కూర్చునేది. ముందూ తర్వాతా స్కేలు పెట్టి కొలిచేది. "చిన్నగ కనపడ్తుంది అనకు తమ్మీ, ఎంత చిన్నగనో చెప్పు" అనేది.

నేనేమో కరపత్రాలు చదివి తయారైనవాణ్ణి. కారిడార్‌లో పెట్టిన పేషెంట్ హక్కుల కాగితాలన్నీ బట్టీపట్టి అందరి మీదా విసిరేవాణ్ణి.

ఒకరోజు రేవులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఎడమ రెప్ప వాలింది. అక్క కొలతలు తీసుకుని, మొదటిసారి చుక్కల సీసా నా చేతికిచ్చి, "రెండు కళ్ళల్ల" అని చెప్పి వేరే వార్డుకు పోయింది. నేను ఎడమ కంట్లోనే వేశాను.

తిరిగొచ్చి కొలిచి, "కుడి కంట్ల?" అంది.

"వెయ్యలే. మంచిగున్న కంటికి మందెందుకక్కా? అక్కర్లేని మందు వద్దనడం పేషెంట్ హక్కు."

"ఆయన వద్దన్నడా? అడిగినవా?"

అడగలేదు.

"ఎడమ కంటిపాప పెరిగింది. చుక్కకు పెరిగిందా, మబ్బుపట్టి గదిల వెలుగు తగ్గితే పెరిగిందా? ఎట్ల చెప్తవ్? బాగున్న కన్నే సాక్షి. నువ్వు సాక్షిని ఇంటికి పంపినవ్."

గొడవేమిటని పెద్దాయన అడిగితే అక్క జర్మన్‌లో చెప్పింది. ఆయన పడీపడీ నవ్వాడు. "పొద్దున్నే నాకు సమానత్వం మీద ఉపన్యాసమిచ్చావు కదయ్యా, మరి నా కుడి కంటికి వాటా లేదా?"

పరీక్ష మళ్ళీ చెయ్యాలి కాబట్టి ఫలితం కోసం ఆయన ఇంకో రోజు కాచుకోవలసి వచ్చింది. మర్నాడు సీసా హైదరాబాదు అమ్మాయి చేతిలో ఉంది. ఆనాటి నుంచి అక్కతో తెలుగు మాట్లాడటమే మానేశాను. ఎదురుపడితే "గూటెన్ మోర్గెన్" అని జర్మన్‌లో పలకరించి తప్పుకునేవాణ్ణి.

మంగళవారం ఆ అమ్మాయితో అనేశాను: "నీకేం, సీసా నీకిచ్చింది."

ఆమె ముక్కు తుడుచుకుంటూ, "నీకేం భయ్యా, నీతోని కొట్లాడేది. నేను తప్పు చేస్తే నవ్వి ఊరుకునేది. నిన్ను చూస్తేనే నాకు మండేది" అంది.

ఆ మర్నాటి పరీక్ష ఇప్పుడు పదేపదే గుర్తొస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను. ముప్పావు గంట గడిచింది. పెద్దాయన మొహం మీదికి వంగిన అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. స్టూలు పక్కకు జరుపుకుని, మంచం దగ్గర ఒక మనిషి నిలబడేంత జాగా చేసింది. నేను తల తిప్పుకుని వెళ్ళిపోయాను. కారిడార్ మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే, ఆమె ఇంకా ఆ జాగాలోకి జరగలేదు.